మాధవి గచ్చు

కోరుట్లల ఆ వాడకట్టుకు మాధవి గచ్చు అంటే తెల్వనోళ్ళు లేరు. ఇంటెనుక నూటయాభై గజాల జాగ, ఈ గోడ కాడికెల్లి ఆ గోడ దాక ఒకటే సిమెంటు. ఎండకాలమొస్తె వాడకట్టోళ్ళ మిరపకాయలన్నీ దాని మీదనే ఎండేటియి. వడియాలు, పసుపు కొమ్ములు, ఉతికిన దుప్పట్లు, ఏది ఎండాలన్నా "మాధవీ, జరంత గచ్చు మీద పోసుకుంట" అని అడగవల్సిందే. ఎవలింట్ల పుట్టెంటికలు తీసినా బంతులు కూసునేది ఆన్నే. మాధవి వద్దనేది కాదు. కని తినేటోళ్ళు లేచిపోయినంక పులుసు ఏడేడ ఒలికిందో ఆమెకు ఏండ్లైనా యాదికుండేది. "గీ మరక పక్కింటి దేవవ్వ మనుమని బారసాలప్పటిది" అని కాలితోని చూపిచ్చేది.

ఆ గచ్చు ఊకెనే రాలేదు. మొగుడు కొమురెల్లి దుబాయి పోయిన రెండో ఏడు వానకాలం, అత్త పోశవ్వ ఇంటెనుక బురదల జారి తుంటి ఇరగ్గొట్టుకున్నది. అదే నెలల కట్టెల మోపు కింద కట్లపాము కనవడ్డది. మొగదిక్కు లేని ఇల్లు. పక్కింటి సత్తయ్యను పిలిస్తె, ఆయన ఇంత పొడుగు కట్టె పట్టుకొని వచ్చి, పామును చూసి, కట్టె ఆన్నే ఇడిసి ఉరికిండు. ఆ కట్టెతోనే మాధవి పామును కొట్టింది. కొట్టి, చేతులు కడుక్కొని, ఇంక నా ఇంట్ల మన్ననేది కనవడొద్దు అనుకున్నది. మేస్త్రిని పిలిచి జాగంత చదును చేయించి సిమెంటు పోయించింది. సుక్క నీరు నిలవకుండ పక్క సందు దిక్కుకు వాటం పెట్టించింది. వాన పడ్డప్పుడు నీళ్ళు సర్రున జారి గోడ తూముల నుంచి బయటికి పోతాంటె, కొందరు సీరియల్ చూసినట్టు మాధవి అది చూసుకుంట కూసునేది.

కొమురెల్లి ఒకప్పుడు సిరిసిల్లల సాంచెల మీద బట్ట నేసేటోడు. ఆయన నడిపే సాంచెలు బందువడ్డంక అందరి లెక్కనే దుబాయి బాట పట్టిండు. ఆడ దొరికింది సేటు బంగ్లల తోట పని. అప్పటిదాక చేతుల దారం తప్ప పార పట్టినోడు కాదు. మాధవి మాత్రం వాడకట్టుల "సూపర్‌వైజర్" అని చెప్పేది. దేనికి సూపర్‌వైజర్ అని ఎవలన్న గుచ్చి అడిగితె, "పెద్ద జాగకు" అనేది. అబద్ధం గాదు, జాగ పెద్దదే.

పన్నెండేండ్లైనంక ఒకనాడు ఫోన్ చేసి, "నేను వచ్చేస్తున్న" అన్నడు.

"లీవా?"

"లీవు గాదు. సేటు గడ్డి తీసేపిచ్చిండు. ప్లాస్టిక్ గడ్డి ఏపిచ్చిండు."

"గడ్డి ప్లాస్టిక్‌దేంది?"

"అచ్చం గడ్డి లెక్కనే ఉంటది. నీళ్ళు వద్దు. కోసుడు వద్దు. నేను వద్దు."

మాధవి "మంచిగ తింటున్నవా?" అని అడిగి ఫోన్ పెట్టేసింది.

దుబాయి పెట్టె తెరుసుడంటె వాడకట్టుకు పండుగే. సెంటు సీసాలు, సబ్బులు, కంబళ్ళు ఎవలెవలికి ఏమొస్తయో అని ఆడోళ్ళంత వచ్చి కూసున్నరు. కొమురెల్లి పెట్టె తెరిచిండు. చెట్టు కొమ్మలు కత్తిరించే కత్తెర్లు రెండు. పాత టోపి ఒకటి. పాము సుట్టలెక్క సుట్టిన నల్ల పైపు. ఆ పైపుకు పెట్టే చిన్న చిన్న ప్లాస్టిక్ మూతులు ఒక డబ్బడు. సెంటు సీసాలు తెచ్చిండు గని అవి ఇమానంల పలిగినయట. పెట్టెంత, పైపుతో సహా గుమగుమలాడుతున్నది.

సత్తయ్య పెండ్లాం దేవవ్వ పైపును ముక్కు కాడ పెట్టుకొని చూసింది. "వాసనైతె మంచిగున్నది. దీన్నేం చేస్తరు తమ్మీ?"

"మొక్కకు సుక్క సుక్క నీళ్ళు ఇస్తది అక్కా."

"గీ మూతికెల్లా? ఇంతకంటె ఎక్కువ మా ఆయన నీళ్ళు తాగేటప్పుడు గడ్డం మీదికెల్లి కారుతది."

అందరు నవ్విండ్రు. మాధవికి సూపర్‌వైజర్ పరువు పైపుల పడి కొట్టుకపోయినట్టయింది.

తెల్లారి కొమురెల్లి చెప్పులిడిసి గచ్చు మీద ఈ మూలకెల్లి ఆ మూలకు నడిచిండు. మల్ల వచ్చిండు. మాధవి చాయ్ పట్టుకొని నిలవడ్డది.

"ఏం దేవులాడుతున్నవు?"

"మన్ను. ఈడ నాయిన పెట్టిన జామచెట్టుండే గద."

"దాన్ని కొట్టేపిచ్చి ఎన్నేండ్లాయె. పోయినసారి లీవుకొచ్చినప్పుడు చూసినవు. గచ్చు మంచిగున్నది అన్నవు."

"అప్పుడు నెలరోజులకు వచ్చిన మాధవీ. చుట్టం లెక్క అన్న. గిప్పుడు ఉండెటందుకు వచ్చిన."

ఆ మాట మాధవికి ఏడనో తాకింది. కని, "చాయ్ చల్లారుతది, తాగు" అని మాత్రం అన్నది.

ఆ ఎండకాలం పాడుగాను, బోరు గాలి కక్కింది. నల్లా రెండొద్దులకోసారి, అది గూడ పావుగంట. మాధవి బిందెలు పట్టుకొని ట్యాంకరు కాడ నిలవడి, జుట్లు పట్టుకునే లొల్లిలకెల్లి నాలుగు బిందెలు గెలుచుకొని వచ్చేది. కొమురెల్లి ఆ బిందెలు దించుకుంట ఒకనాడు అన్నడు.

"వానకాలం మన జాగల పడ్డ నీళ్ళను మనమే బయటికి పంపుతున్నం. ఎండకాలం బజార్ల నిలవడి అడుక్కుంటున్నం. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎల్లగొట్టి, మల్ల ఆయన ఇంటికే పోయి అన్నం పెట్టుమన్నట్టున్నది. నాకు ఒక మంచమంత జాగ ఇయ్యి. గచ్చు పలగ్గొట్టి ఇంకుడు గుంత తవ్వుత. నాలుగు కూరగాయ చెట్లు పెడుత."

"సూది మోపేటంత గూడ ఇయ్య. నువ్వు పోయి పన్నెండేండ్లు కనవడకపోతివి. కనవడింది నాకు గీ గచ్చే."

కొమురెల్లి తెల్లారి బొక్కలు పడ్డ టబ్బులు, మూతి పలిగిన కుండలు, సగానికి కోసిన డ్రమ్ము ఏరుకొచ్చి గచ్చు మీద వరుసగ పెట్టిండు. ఊరవతల చెరువు కాడికెల్లి సైకిల్ మీద మన్ను తెచ్చి నింపిండు. టబ్బుల తోటకూర, డ్రమ్ముల పుంటికూర. ఇంక నీళ్ళు ఏడికెల్లి రావాలె? స్నానం నీళ్ళు పట్టుడు మొదలుపెట్టిండు. తల్లి పోశవ్వ తానం చేస్తాంటె తడక బయట బకీటు పట్టుకొని నిలవడేటోడు.

"అవ్వా, సబ్బు జర తక్కువ రుద్దుకో. మన్నుకు మంచిది గాదు."

"డెబ్బయ్యేండ్ల సంది రుద్దుకుంటున్నర. గిప్పుడు నీ తోటకూర కోసం మురికిగుండాల్నా?"

"శనగపిండి పెట్టుకో."

"గా పిండి నాకిస్తె బజ్జీలేసుకొని తింట, తానమే చెయ్య."

ఆ తరువాత బోళ్ళు తోమిన నీళ్ళ మీద పడ్డడు. మాధవి బోళ్ళకు ఏసే సబ్బు ముక్క చూసి, "ఇది పడితె మన్నుల పురుగు పుట్ర బతుకది. బూడిదతోని తోమాలె. బూడిద గూడ చిటికెడే" అన్నడు.

మాధవి తోముతున్న గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకున్నది. "ఎట్ల తోమాల్నో నీకు మంచిగ ఎరుకున్నది. నువ్వే తోము" అని లోపటికి పోయింది. మొగోడు, అందుల దుబాయి కెల్లి వచ్చినోడు, ఒక్కపూటల అయ్యో అని కాళ్ళబేరానికి వస్తడనుకున్నది.

కొమురెల్లి కూసొని తోమిండు. ఆ పూట తోమిండు, మాపటీలి తోమిండు, తెల్లారి గూడ తోమిండు. కొబ్బరి పీసుతోని, బూడిదతోని, గిన్నెల మొఖం కనవడేటట్టు తోమి, ఆ నీళ్ళను గుడ్డల వడగట్టి, ఏ టబ్బుకు ఎన్ని చెంబులో చూసుకుంట పోసిండు. మూడోనాటికి వాడకట్టు ఆడోళ్ళు మిరపకాయలు తిరగేసే వంక పెట్టుకొని వచ్చి చూస్తున్నరు. అయిదోనాడు ఎవలింట్లనో మొగుడు పెండ్లాల లొల్లి ఇనవడ్డది. "కొమురెల్లిని చూసన్న సిగ్గు తెచ్చుకో" అనే మాట బజారంత ఇనవడ్డది.

సత్తయ్య వచ్చి గోడ మీదికెల్లి బతిమాలిండు. "తమ్మీ, నీకు దండం పెడుత. తోముకుంటె తోముకో గని, తలుపేసుకొని తోముకో."

"ఎండ తాకితె బోళ్ళు మంచిగ ఆరుతయి అన్నా."

"బోళ్ళు ఆరుతయి. మా బతుకులు ఆగమైతున్నయి."

మాధవి లోపల నవ్వాపుకోలేక కొంగు నోట్ల కుక్కుకున్నది. కని గచ్చు మాటకొస్తె మాత్రం కరగలే.

అట్లుండంగ బోరు కాడ గచ్చు పలిగి ఇంత పొడుగు పర్రె వచ్చింది. మాధవి, బిడ్డ సృజనను చూసొస్తనని జగిత్యాల హాస్టలుకు పోయింది. పోయేటప్పుడు కొమురెల్లి, "గా పర్రె జర బాగుచేస్త" అన్నడు. "చెయ్యి" అన్నది. బస్సు దిగి సాయంత్రం ఇంటికొచ్చి చూస్తె పర్రె లేదు. పర్రె ఉన్న కాడ మంచమంత గుంత ఉన్నది. పక్కన సిమెంటు పెచ్చుల కుప్ప, ఆ కుప్ప మీద గడ్డపార, గడ్డపార పక్కన కొమురెల్లి.

"బాగుచేస్తనంటివి?"

"గిదే బాగు."

ఆ దినం కెల్లి మాధవి మొగనితోని మాటలు బందువెట్టింది. ఏదన్నా చెప్పాల్నంటె అత్తతోని చెప్పిచ్చుడే. ముగ్గురు ఒక్క అర్రల్నే కూసున్నా సరే.

"అత్తా, నీ కొడుకును అన్నానికి రమ్మను."

"అవ్వా, ఆకలైతలేదని చెప్పు."

పోశవ్వ ఇద్దరి మొఖాలు చూసి, "ఆకలి దంచుతున్నదటనే. కోడిగుడ్లు రెండెక్కువ ఉడకబెట్టుమంటుండు" అనేది. మూడొద్దులకు ఆమెకు ఈ పని మస్తు నచ్చింది. కొడుక్కు చాపల పులుసు తినబుద్దైతున్నదని, కోడలు కొత్త ఫ్యాను తెమ్మంటున్నదని, అది అత్త మంచం కాడ పెడుదమంటున్నదని, నోటికొచ్చిన కోరికలన్నీ ఆ ఇద్దరి పేర్ల మీద తీర్చుకున్నది. ఇద్దరికీ ఎరుకే. కని నోరిప్పితె ఓడిపోయినట్టే. ఫ్యాను వచ్చింది, చాపల పులుసు గూడ అయింది.

గుంతల మన్ను చూసి కొమురెల్లి రెండొద్దులు దాని ఒడ్డునే కూసున్నడు. బూడిద రంగుల, పిండి లెక్క, ఏ వాసన లేకుండ ఉన్నదది. చెంబెడు నీళ్ళు పోస్తె లోపటికి గుంజుకోలే. తామరాకు మీద నిలవడ్డట్టు మీదనే గుండ్రంగ నిలవడ్డయి.

"పదేండ్లు గాలి లేదు, వాన లేదు, దీని మీద ఒక ఆకు రాలలే" అన్నడు, ఎవలితోనో గాదు, మన్నుతోనే. "సచ్చిపోయింది."

మాధవి తలుపు కాడికెల్లి ఇన్నది. "అత్తా, నేనేం సంపలేదని చెప్పు నీ కొడుక్కు" అన్నది. అన్నదే గని, ఆ మాపటీలి మాధవికి అన్నం సయించలే.

పెద్ద రోగమొచ్చిన మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నడు కొమురెల్లి ఆ గుంతను. గొర్రెల మంద కాడికెల్లి పెంట మోసుకొచ్చిండు. రాలిన యాపాకు, కూరగాయల పొట్టు, పులిసిన మజ్జిగ కలిపిండు. ఎండపూట గాక పొద్దు గూకినంక ఒక్క బకీటు నీళ్ళు. మీదికెల్లి ఎండాకు కప్పి, అది సరిపోకపోతె తన పాత లుంగీ కప్పిండు. "ఎండల పోతె మనమే తలకు తువ్వాల సుట్టుకుంటం. మన్నును బట్ట లేకుండ బరివాత ఉంచుతమా?" అని తల్లికి చెప్పిండు. నడుమల మూతి పలిగిన కుండను మెడ దాక పాతి నీళ్ళు నింపిండు. నీళ్ళు కుండ పొట్టల నుంచి ఊరి, వేళ్ళకే అందుతయి, ఎండకు ఆవిరి గావు. మొగోడు కుండకు గుడ్డ కప్పి మన్నుల పాతిపెట్టుడు గోడ మీదికెల్లి ఎవలో చూసిండ్రు. రెండొద్దులు తిరగకముందే, కొమురెల్లి దుబాయి బంగారం పెరట్ల దాస్తున్నడని పేరొచ్చింది. మాధవి చెల్లెండ్లు జాడ లేని జాగల నుంచి ఫోన్లు చేసి, "మంచిగున్నవా అక్కా" అని అడిగిండ్రు.

ఇంక కప్పెటందుకు చెత్త సరిపోతలేదని పోశవ్వ ఎవలితోనో ఫోన్ల అన్నది. ఆ మాట తంగళ్ళపల్లిల ఉన్న మాధవి తమ్ముడు దినేశ్ చెవిన పడ్డది. దినేశ్ సిరిసిల్లల సాంచెల మీద పనిచేస్తడు. సాంచెలు వారంల మూడొద్దులే నడుస్తున్నయి. మిగిలిన నాలుగొద్దులు ఎవలికేం ఉపకారం చేద్దామా అని తిరుగుతడు. నాలుగు సంచుల చెత్త దారం మూటగట్టుకొని బస్సెక్కి దిగిండు. గులాబి, నీలం, పచ్చ. కొమురెల్లి విత్తనాల కోసం మెట్‌పల్లి పోయిండు. బావ వచ్చేటాల్లకు మురిపిద్దామని దినేశ్, పోశవ్వ కలిసి గుంతంత, టబ్బులంత దారం పరిచిండ్రు. చూసెటందుకు పెండ్లి పందిరి లెక్కనే ఉన్నది.

కోళ్ళకు గూడ గట్లనే అనిపిచ్చినట్టున్నది. గొర్రెల పెంటల పురుగుల కోసం దేవవ్వ కోళ్ళు దినాం వచ్చేటియే. ఆ దినం వచ్చి కాలితోని రెండుసార్లు గీకినయో లేదో, దారం సుట్టుకున్నది. గుంజినకొద్ది బిగిసింది. ఒక కోడి ఇంకో కోడికి ముడివడ్డది. పదకొండు కోళ్ళు కలిసి ఒక్క మూటై, కొక్కొక్కో అనుకుంట గచ్చు మీద దొర్లినయి. పుంజు ఒక్కటే తెంపుకొని, యాభై గజాల గులాబి దారం ఎనుక ఈడ్సుకుంట బజార్లకు ఉరికింది. దారం పోయి మెట్‌పల్లి నుంచి వస్తున్న ఆటో టైరుకు సుట్టుకున్నది. ఆటో ఆగింది. అండ్లకెల్లి విత్తనాల సంచి పట్టుకొని దిగిందెవలంటె కొమురెల్లి.

పుంజును సంకల పెట్టుకొని ఇంట్లకొచ్చి చూసిండు. దినేశ్ తల గీక్కున్నడు. "చెత్త కావాలన్నవంట బావా."

"కుళ్ళే చెత్త కావాలె బామ్మర్దీ. ఇది పాలిస్టర్. మనం పోయి, మన మనుమలు పోయినా ఇది గిట్లనే ఉంటది."

మాట్లాడే టైము లేదు, కోళ్ళు ఊపిరాడక కొట్టుకుంటున్నయి. కొమురెల్లి దుబాయి కత్తెర తెచ్చిండు. మాధవి గచ్చు మీద కాళ్ళు సాపుకొని కూసొని ఒక కోడిని ఒళ్ళె పెట్టుకున్నది.

"రెక్క పట్టుకో" అన్నడు కొమురెల్లి.

"పట్టుకున్న."

"గంత గట్టిగ గాదు."

"నీ కత్తెర చూసుకో ముందు. దాని కాలు కోస్తవు."

పదకొండు కోళ్ళు ఇడిపిచ్చేటాల్లకు తొమ్మిదొద్దుల మాటలు బాకీ తీరినయి. పోశవ్వ మొఖం చిన్నబోయింది, ఆమె పని పోయింది.

అప్పుడు వచ్చింది దేవవ్వ. కోళ్ళు రంగు రంగుల దారాలతోని ఒగుర్చుకుంట పడి ఉన్నయి.

"ఏందే మాధవీ, నా కోళ్ళు నీకేం అన్యాలం చేసినయే?"

మాధవికి తప్పు తెలుసు. కని తప్పు తెలిసినప్పుడే నోరు ఎక్కువ లేస్తది. "నీ కోళ్ళను మా ఇంట్లకు ఎవలు రమ్మన్నరు?"

"నీ నీళ్ళను మా ఇంట్లకు ఎవలు రమ్మన్నరే?"

"ఏం నీళ్ళు?"

దేవవ్వ నోట్లకెల్లి మాట జారింది. మల్ల తీసుకుందామని చూసింది గని తీసుకోలేకపోయింది. "నీ గచ్చు నీళ్ళు. పదేండ్ల సంది వాన పడ్డప్పుడల్ల నీ తూముల కెల్లి సందులకు, సందుల కెల్లి మా వంటింట్లకు. పొయ్యి నాని, బియ్యం డబ్బ నాని, రాత్రిళ్ళు మేమిద్దరం చెంబులతోని ఎత్తిపోసుకుంటం."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి అక్కా?"

"ఎట్ల చెప్పాలె? చెప్పి నీతోని కయ్యం పెట్టుకుంటె మిరపకాయలు ఏడ ఎండబోసుకోవాలె?"

ఎవలూ నవ్వలే. మాధవి లేచి, చేతులకంటిన ఈకలు దులుపుకోకుండనే దేవవ్వ ఎంట పోయింది. ఆ వంటింట్లకు ఆమె ఎన్నోసార్లు పోయింది. పోయి చాయ్ తాగింది, కూర అప్పు తెచ్చింది. గోడకు మోకాలెత్తున ఉన్న నల్లటి గీత మాత్రం ఆనాడే చూసింది. బియ్యం డబ్బ ఇటుకల మీద ఎందుకున్నదో గూడ ఆనాడే అడిగింది. వాన పడ్డప్పుడల్ల తను సంబురంగ చూసిన నీళ్ళు ఏడికి పోతున్నయో పదేండ్లల ఒక్కసారి గూడ తూము అవతలకు తొంగి చూడలే.

తెల్లారి పొద్దుగాల కొమురెల్లి బోళ్ళు తోముకుంట కూసుంటె, మాధవి ముగ్గు డబ్బ పట్టుకొని వచ్చింది. గచ్చు మీద ఈ గోడ కాడికెల్లి ఆ గోడ దాక వంగి గీత గీసింది. సందు దిక్కున్న సగం అవతలకు, ఇంటి దిక్కున్న సగం ఇవతలకు.

"అది నీది. ఇది నాది. గీత దాటితె ఊకోను. పాము కనవడితె నువ్వే కొట్టాలె. సత్తయ్యను పిలవొద్దు."

కొమురెల్లి చేతుల గిన్నె అట్లనే ఉన్నది. "తూము కాడ ఇంకుడు గుంత తవ్వుత" అన్నడు, గంతే.

దినేశ్ నాలుగొద్దులు ఆన్నే ఉండి పలగ్గొట్టిండు. పాలిస్టర్ దారం పోగులు పోగులు ఏరి మల్ల సంచులల్ల నింపింది గూడ ఆయనే, అది శిక్ష. పసుపు బట్టీల కాడికెల్లి ఎండిన పసుపాకు ట్రాలీల తెచ్చి మన్ను మీద పరిచిండ్రు. మిర్గంల మొదటి వాన పడ్డది. మాధవి, దేవవ్వ ఇద్దరు సందుల గొడుగు కింద నిలవడి తూము దిక్కు చూసిండ్రు. అరగంట దాక సుక్క రాలే. ఆ తరువాత జరంత కారింది. కని అది సత్తయ్య గోడ దాక పోయేటాల్లకే ఇంకిపోయింది. బోరుల నీళ్ళు ఆ ఏడు రాలేదు. కని రెండొద్దులకో బకీటు పోస్తె మన్ను పచ్చిగ ఉంటున్నది. బీర, చిక్కుడు, టమాట పెట్టిండు.

అంత మంచిగున్నా, చిక్కుడు తీగ సృజన ఫీజు కట్టదు. పోశవ్వ మందుగోలీలు టమాటలకు రావు. కొమురెల్లి ఎవలికీ చెప్పకుండ ఏజెంటుకు ఫోన్ చేసి ఉన్నడు. ఒకనాడు ఆయన పెరట్ల ఉండంగ ఫోన్ మోగితె మాధవి ఎత్తింది.

"కొమురెల్లికి వీసా వచ్చిందమ్మా. రెండేండ్లు. మంచి జీతం. ప్లాస్టిక్ గడ్డి పరుసుడు పని. నున్నటి జాగల మీద అతికిచ్చుకుంట పోవాలె, గంతే. చేస్తడు గద?"

మాధవి కిటికీలకెల్లి చూసింది. మొగుడు మోకాళ్ళ మీద కూసొని, ఎండాకు పక్కకు జరిపి, చేతిల మన్ను పట్టుకొని వాసన చూస్తున్నడు.

"మా ఆయనకు పరుసుడు రాదు అన్నా" అన్నది. "పలగ్గొట్టుడే వచ్చు."

ఫోన్ పెట్టేసినంక, ఎంత పని చేసిన అనుకున్నది. పొద్దంత ఏ పనిమీద మనసు నిలవలే. అన్నం కాడ చెప్పేసింది.

కొమురెల్లి బుక్క నోటి కాడ ఆపిండు. "నేనే అడిగిన వీసా."

"ఎరుకే."

"మరి?"

"పన్నెండేండ్లు నువ్వు ఆన్నుంచి పంపితె నేను ఈడ సిమెంటు పోసుకున్న. మల్ల పోతె ఏం పోసుకోవాలె? ఇంక జాగ లేదు."

పోశవ్వ మంచం మీదికెల్లి, "కొడుకు పోనంటుండే" అన్నది.

"అవ్వా, నేనింకేం అనలే!"

"అంటవు. ముందే చెప్తున్న."

మూడు వారాలు మస్తు కష్టపడ్డరు. మాధవి బీడీలు చేసింది. కొమురెల్లి కూలికి పోయిండు. ఆ తరువాత మెట్‌పల్లి తొవ్వల ఉన్న ఒక మొక్కల నర్సరీల పని దొరికింది. నీళ్ళ పైపులు ఏసుడు, కొమ్మలు కత్తిరించుడు తెలిసిన మనిషి వాళ్ళకు కావాల్సి ఉండె. దుబాయి జీతమంత రాదు. కని పొద్దుగాల ఆటోల పోతడు, పొద్దు గూకేటాల్లకు ఇంట్ల ఉంటడు. దేనికి పోతుండని ఎవలన్న అడిగితె మాధవి గిప్పుడు "చెట్ల పనికి" అని సక్కగ చెప్తది.

సగం గచ్చే మిగిలింది గనక ఎండబోసుకునేటోళ్ళ మధ్య పంచాయితి మొదలైంది. మాధవి సోమారం ఒకలకు, మంగళారం ఒకలకు అని వంతులు పెట్టింది. దేవవ్వకు శుక్రారం వచ్చింది. శుక్రారం మొగులైతదని దేవవ్వ అనుమానం.

మొదటి కాపు బీరకాయలు మాధవి కొంగుల ఏసుకొని దేవవ్వ ఇంటికే పోయింది. రెండొద్దులకు దేవవ్వ గోడ మీదికెల్లి పిలిచింది.

"మాధవీ, బీరకాయ మంచిగనే ఉన్నది గని, ఒకటి జర చేదున్నదే."

"చేదుంటె మల్ల తెచ్చియ్యి."

"తిన్నంక ఏడికెల్లి తేవాలె?" అన్నది దేవవ్వ. "ఇంకో రెండియ్యి. శుక్రారం బదులు బేస్తారం ఇయ్యి. చేదు సంగతి ఎవలికీ చెప్ప."